క్రియాన్ క్యాప్సూల్స్: జిడ్డు విరేచనాలకు సరైన మందు, కడుపునొప్పికి కాదు

క్రానిక్ ప్యాంక్రియాటైటిస్‌కి, అంటే క్లోమగ్రంథి ఏళ్ల తరబడి వాచి దెబ్బతినే జబ్బుకి, డాక్టర్లు రాసే మందుల్లో ఎక్కువ నిరాశ మాటలు వినిపించేది ఎంజైమ్ క్యాప్సూల్స్ గురించే. వేసుకుంటున్నా నొప్పి తగ్గడం లేదన్నది ఒక ఫిర్యాదు, విరేచనాలు మారలేదన్నది ఇంకొకటి. మొదటిదానికి మందుని తప్పుపట్టలేం, అది నొప్పి మందే కాదు. రెండోదాంట్లో తేడా చాలాసార్లు వేసుకునే వేళలోనో, లెక్కలోనో దొరుకుతుంది. కొవ్వుని అరిగించే పని ఈ క్యాప్సూల్ బాగా చేస్తుంది. ఆ ఒక్క పనికే దీన్ని కొనాలి, ఆ పనిని బట్టే మార్కులు వేయాలి.

ఇక్కడ క్రియాన్‌ని నమూనాగా తీసుకున్నాం, చాలా దేశాల్లో దొరికేది కాబట్టి. జెన్‌పెప్, ప్యాంక్రియేజ్ లాంటి పూత ఉన్న క్యాప్సూల్స్‌కీ వాడే పద్ధతి ఇదే.

లోపల ఏముంది

క్యాప్సూల్ విప్పి తెల్ల కాగితం మీద ఒంపితే లేత గోధుమరంగు గుళికలు రాలతాయి, ఒక్కోటి 2 మిల్లీమీటర్ల లోపే. అందులో ఉన్నది పంది క్లోమం నుంచి తీసిన ప్యాంక్రియాటిన్: కొవ్వుకి లైపేజ్, పిండిపదార్థాలకి అమైలేజ్, మాంసకృత్తులకి ప్రోటియేజ్. పైనున్న జెలటిన్ తొడుగు కడుపులో కరిగి గుళికలు తిండిలో కలుస్తాయి. గుళికల మీది పూత మాత్రం కడుపులోని ఆమ్లానికి లొంగదు. పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 దాటాక, అంటే చిన్నపేగు మొదట్లో, అప్పుడు కరుగుతుంది. ఈ పూత లేకపోతే కష్టం, పీహెచ్ 4 కన్నా తగ్గిన చోట లైపేజ్ శాశ్వతంగా చచ్చిపోతుంది. గుళిక చిన్నగా ఉండటానికీ కారణముంది. పెద్ద బిళ్ల కడుపులోనే ఆగిపోతుంది, తిండి మాత్రం ముందు వెళ్లిపోతుంది. చిన్న గుళికలు తిండితో పాటే కిందికి జారతాయి.

పేరు పక్కనున్న అంకె లైపేజ్ యూనిట్లు. క్రియాన్ 10000లో 150 మిల్లీగ్రాముల ప్యాంక్రియాటిన్ ఉంటుంది. 25000లో 300, 40000లో 400. అమెరికాలో అంకెలు వేరు: 3000, 6000, 12000, 24000, 36000. ప్రిస్క్రిప్షన్ మీద "ఒక క్యాప్సూల్" అని మాత్రమే ఉంటే అది అసంపూర్తి రాత. ఎన్ని వేలదో అడిగి రాయించుకోండి.

పంది నుంచి తయారైందన్న సంగతి కొందరికి తినే నియమాలకి, నమ్మకాలకి సంబంధించిన విషయం. దాన్ని దాచిపెట్టి మందు ఇవ్వడం సరికాదు. ఇప్పుడు దొరికే ఈ తరగతి మందులు దాదాపు అన్నీ పంది క్లోమం నుంచి వచ్చేవే. లైపేజ్ ఇంత మోతాదులో ఇచ్చే శాకాహార మందు దీనికి సాటిగా లేదు. కౌంటర్ మీద అమ్మే అరుగుదల సిరప్‌లు, బిళ్లలు చాలావరకు డయాస్టేజ్, పెప్సిన్‌లతో చేసినవి. ఒకటి పిండిపదార్థాన్ని, రెండోది మాంసకృత్తుల్ని చూసుకుంటుంది. కొవ్వు దగ్గర రెండూ చేతులెత్తేస్తాయి.

నాణ్యత విషయంలో పాతకాలం కన్నా ఇప్పుడు నయం. ఒకప్పుడు ఒక్కో తయారీలో శక్తి ఒక్కోలా ఉండేది. నిల్వలో తగ్గిపోతుందని కంపెనీలు లేబుల్ మీద చెప్పినదానికన్నా ఎక్కువ కూరేవి. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందులన్నిటికీ కొత్తగా అనుమతి తీసుకోవాల్సిందేనంది. క్రియాన్‌కి ఆ అనుమతి 2009లో వచ్చింది. అయినా ఒక బ్రాండ్ పూత, గుళిక సైజు ఇంకో బ్రాండ్‌కి ఉండవు. షాపులో అందుబాటులో ఉందని బ్రాండ్ మార్చేస్తే కొన్నాళ్లు విరేచనాల తీరు, బరువు గమనించాలి.

ఎవరికి అవసరం

క్లోమానికి నిల్వబలం చాలా ఎక్కువ. లైపేజ్ ఉత్పత్తి మామూలులో 10 శాతం కన్నా కిందికి పడిపోతే గానీ మలంలో కొవ్వు బాగా కనపడదు. అందుకే జబ్బు మొదలైన చాలా ఏళ్లకి గానీ జిడ్డు విరేచనాలు బయటపడవు, బయటపడేసరికి గ్రంథి బాగా దెబ్బతిని ఉంటుంది. చూడాల్సిన గుర్తులు ఇవి: మలం పాలిపోయి, ఎక్కువగా, మెత్తగా, భరించలేని వాసనతో ఉండటం, నీళ్లు పోసినా పాన్‌కి అంటుకుని పోకపోవడం, నీటి మీద నూనె పొర తేలడం. తిన్నా బరువు తగ్గుతుండటం, కడుపు ఉబ్బరం కూడా అదే వరస.

దీనికొక ఉచ్చు ఉంది. నొప్పికి ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ మందులు వాడేవాళ్లకి మలబద్ధకం వస్తుంది, అప్పుడు రోజుకి ఒకేసారి గట్టిగా అవుతుంది. "విరేచనాలు లేవు కదా, ఎంజైమ్ ఎందుకు" అనుకుంటారు. లోపల మాత్రం కొవ్వు, దానితో పాటు విటమిన్లు వృథాగా పోతూనే ఉంటాయి. బరువు, విటమిన్ డి, ఎముకల సాంద్రత చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది.

పరీక్షగా ఎక్కువగా రాసేది మలంలో ఎలాస్టేజ్, అంటే క్లోమం తయారుచేసే ఇంకో ఎంజైమ్. గ్రాముకి 200 మైక్రోగ్రాముల కన్నా తక్కువైతే లోపం, 100 కన్నా తక్కువైతే తీవ్రమైన లోపం. నీళ్లలా ఉన్న విరేచనంతో చేస్తే పలచబడి అంకె తప్పుగా తక్కువ చూపిస్తుంది, గట్టి నమూనాతోనే ఇవ్వాలి. ఇది మనిషి ఎలాస్టేజ్‌నే కొలుస్తుంది కాబట్టి పరీక్ష కోసం క్యాప్సూల్స్ ఆపక్కర్లేదు. క్యాప్సూల్స్ పనిచేస్తున్నాయా అని చూడటానికి ఇదే పరీక్ష మళ్లీ చేయించడం మాత్రం డబ్బు దండగ.

వేసుకునే వేళ

ఈ మందు గెలుపోటములు ఇక్కడే తేలతాయి. ఎంజైమ్ తిండితో కలవాలి. తిన్న గంటకో, ఖాళీ కడుపునో, పడుకునే ముందో మిగతా మాత్రలతో కలిపి వేసుకుంటే అరిగించడానికి అక్కడ ఏమీ ఉండదు. "రోజుకి మూడుసార్లు" అన్న లేబుల్ రాతే చాలామందిని ఇలా దారి తప్పిస్తుంది. రాయాల్సింది "తింటూ".

మొదటి ముద్దతో మొదలుపెట్టాలి. ఒక్కటే అయితే అప్పుడే మింగాలి. రెండు, అంతకన్నా ఎక్కువైతే సగం మొదట్లో, మిగతావి తినడం సగంలో ఉండగా. భోజనం అరగంట దాటేలా ఉంటే ఇలా విడదీయడం తప్పనిసరి. మరిచిపోయి చేతులు కడుక్కున్నాక గుర్తొస్తే వెంటనే ఒకటి వేసుకోవచ్చు గానీ, గంటలు గడిచాక దానికోసం వెతకొద్దు. తర్వాతి భోజనానికి రెట్టింపు వేసుకోవడమూ వద్దు.

చల్లటి, మామూలు నీళ్లతోనే మింగాలి. వేడి పానీయంతో మింగితే పూత, ఎంజైమ్ రెండూ దెబ్బతింటాయి. నమలకూడదు, పొడి చేయకూడదు. పూత పగిలితే ఎంజైమ్ నోట్లోనే పనిచేయడం మొదలుపెట్టి పుండ్లు చేస్తుంది, కడుపుకి చేరింది ఆమ్లంలో పోతుంది. మింగలేనివాళ్లు క్యాప్సూల్ విప్పి గుళికల్ని పులుపున్న మెత్తటి పదార్థంలో, పీహెచ్ 4.5 లోపు ఉండే ఆపిల్ గుజ్జు లాంటిదాంట్లో కలిపి నమలకుండా వెంటనే మింగి, నోరు పుక్కిలించి నీళ్లు తాగాలి. ముందుగా కలిపి పెట్టుకోవద్దు. చిగుళ్ల సందుల్లో ఇరుక్కున్న గుళికలే తర్వాత నోటిపూతకి కారణమవుతాయి.

కొవ్వుగానీ మాంసకృత్తులుగానీ లేని చిన్న పండు ముక్కకి, పాలు లేని పానీయానికి క్యాప్సూల్ అక్కర్లేదు. గ్లాసు పాలకి, పోషకాహార డ్రింకులకి కావాలి. ఈ రెండో సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

ఎంత

పెద్దవాళ్లకి మొదలుపెట్టే మోతాదు ప్రధాన భోజనానికి 40,000 నుంచి 50,000 లైపేజ్ యూనిట్లు, చిరుతిండికి అందులో సగం. ఆరోగ్యంగా ఉన్న క్లోమంలో 10 శాతం పని చేయించాలంటే భోజనానికి దాదాపు 90,000 యూనిట్లు కావాలని లెక్క. మిగిలిన క్లోమం కొంత, కడుపులో పుట్టే లైపేజ్ కొంత తోడొస్తాయి కాబట్టి సగంతో మొదలుపెట్టి, చాలకపోతే పెంచుతారు. 10000 ఒక్కటి భోజనానికి రాసి "పనిచేయలేదు" అని ఆపేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

50 కిలోల మనిషిని తీసుకుందాం. మూడు భోజనాలకి రెండేసి 25000, రెండు చిరుతిళ్లకి ఒక్కోటి. మొత్తం రోజుకి ఎనిమిది, అంటే 2,00,000 యూనిట్లు. పై హద్దు ఒంటి బరువులో కిలోకి రోజుకి 10,000 యూనిట్లు, కిలోకి భోజనానికి 2,500. ఇతనికి రోజుకి 5,00,000, ఒక పూటకి 1,25,000 దాకా. ఈ హద్దు ఊరికే పెట్టింది కాదు. 1990లలో సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్ని, క్లోమాన్ని దెబ్బతీసే పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లల్లో మరీ ఎక్కువ మోతాదులు వాడినప్పుడు పెద్దపేగు గట్టిపడి ఇరుకయిన కేసులు వచ్చాయి, అప్పటి నుంచి ఈ లెక్క నిలిచింది. మోతాదు పెంచడం డాక్టర్‌తో మాట్లాడి చేయాల్సిన పని. కానీ పెంచే చోటు చాలానే ఉందని రోగికి తెలిసి ఉండాలి.

మందు వాడుతూ కొవ్వు మానేయడం పాత సలహా. బరువు పడిపోతున్న మనిషికి అది ఇంకా కీడు. కొవ్వుని మామూలుగా తింటూ, దానికి తగ్గట్టు క్యాప్సూల్స్ వేసుకుని, రోజుకి ఐదారు చిన్న భోజనాలు చేయడం నయం. పీచు మరీ ఎక్కువైతే లైపేజ్ పనికి అడ్డుపడుతుంది, ఉబ్బరం పెరుగుతుంది.

పనిచేయకపోతే

మొదట వేళ చూడండి, తర్వాత మోతాదు. రెండూ బాగుంటే సీసా తేదీ, దాన్ని పెట్టిన చోటు. 25 డిగ్రీలు దాటని పొడి చోట మూత బిగించి ఉంచాలి. ఎండలో నిలిపిన కారు, వంటగ్యాస్ పక్క అలమారా, చొక్కా జేబు, ఇవన్నీ ఎంజైమ్‌ని మెల్లగా చంపేస్తాయి.

అవీ బాగుంటే తర్వాత అనుమానించాల్సింది ఆమ్లాన్ని. ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ కూడా క్లోమమే ఇస్తుంది. జబ్బు ముదిరితే అదీ తగ్గి, చిన్నపేగు మొదట్లో పీహెచ్ 5.5కి చేరదు. పూత కరగాల్సిన చోట కరగక గుళికలు ఇంకా కిందికి పోతాయి, కొవ్వు ముందే జారిపోయి ఉంటుంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే మందు జోడిస్తే ఇలాంటివాళ్లలో తేడా కనిపిస్తుంది. పూత లేని బిళ్ల, వయోకేస్ లాంటిది వాడితే ఆమ్లం తగ్గించే మందు మొదటినుంచీ ఉండాల్సిందే.

ఇంకా తగ్గకపోతే చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరగడం, జియార్డియా అనే పేగు పరాన్నజీవి, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి, పిత్తనాళం మూసుకుపోవడం వంటివి వెతకాలి. ఈ దశ దాకా వచ్చాక కూడా క్యాప్సూల్స్ సంఖ్య పెంచుకుంటూ పోవడం వైద్యం కాదు.

నొప్పి, మిగతా చిక్కులు

బొడ్డు పైన మొదలై వీపులోకి పాకే, తిన్నాక పెరిగే, ముందుకు వంగి కూర్చుంటే కాస్త సడలే నొప్పి ఈ జబ్బు ముఖ్య లక్షణం. పూత ఉన్న క్యాప్సూల్స్ దాన్ని నమ్మకంగా తగ్గిస్తాయన్న ఆధారం లేదు, ఇప్పటి వైద్య మార్గదర్శకాలు నొప్పి కోసం వీటిని సిఫారసు చేయవు. అరగని తిండి వల్ల వచ్చే మెలి, గ్యాస్ తగ్గొచ్చు, అంతే. అసలు నొప్పికి మద్యం, పొగాకు పూర్తిగా మానడం, నొప్పి మందులు, నాళంలో రాళ్లుంటే ఎండోస్కోపీతోనో షాక్‌వేవ్‌తోనో తీయడం, కొందరికి ఆపరేషన్. అది వేరే దారి.

క్యాప్సూల్స్ బాగా పనిచేసి విరేచనాలు కుదుటపడ్డాక చాలామంది డాక్టర్ని కలవడం మానేస్తారు. గ్రంథిలో జబ్బు మాత్రం తన దారిన తను పోతుంటుంది. కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులోకి మారి, ఒళ్లు దురద పెడుతూ మలం సున్నంలా తెల్లబడితే అది కొవ్వు మలం కాదు, పిత్తనాళం ఇరుకైందన్న మాట. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, గంటల కిందట తిన్నది అరక్కుండా వాంతి కావడం చిన్నపేగు మొదట్లో అడ్డు పడిందనో, సూడోసిస్ట్ అనే నీటితిత్తి పెరిగి నొక్కుతోందనో చెబుతాయి. నల్లటి తారులాంటి మలం, నెత్తుటి వాంతి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్లీహం సిర గడ్డకట్టి కడుపులోని సిరలు ఉబ్బి పగలొచ్చు, ధమని గోడ ఉబ్బి పగలొచ్చు. పొట్టలో నీరు చేరడం, ఊపిరాడకపోవడం, నొప్పితో పాటు జ్వరం కూడా ఆగాల్సినవి కావు. క్యాప్సూల్స్ సరిగ్గా వేసుకుంటున్నా బరువు పడిపోతుంటే, నొప్పి తీరు మారితే, షుగర్ కొత్తగా వస్తే స్కాన్ చేయించాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో క్లోమం క్యాన్సర్ ముప్పు మామూలు కన్నా ఎక్కువ.

షుగర్ గురించి విడిగా చెప్పాలి. ఈ జబ్బుతో వచ్చే మధుమేహంలో ఇన్సులిన్‌తో పాటు, చక్కెర పడిపోయినప్పుడు పైకి లేపే గ్లూకగాన్ కూడా తగ్గుతుంది. అందుకే లో-షుగర్ తొందరగా, గట్టిగా వస్తుంది. క్యాప్సూల్స్ మొదలుపెట్టాక తిండి ఒంటబట్టి చక్కెర అంకెలు పెరగొచ్చు, అప్పుడు ఇన్సులిన్ సరిచేయాలి. తలకిందులుగా, భోజనానికి ఇన్సులిన్ తీసుకుని క్యాప్సూల్ మరిచిపోతే తిన్నది సరిగా అరగక చక్కెర పడిపోవచ్చు. ఇన్సులిన్ పెట్టె పక్కనే క్యాప్సూల్స్ ఉంచుకోవడం దీనికి సులువైన పరిష్కారం.

కొవ్వుతో పాటే ఒంటబట్టే విటమిన్లు ఎ, డి, ఇ, కె. మసక చీకట్లో కంటిచూపు తగ్గడం, ఎముకలు గుల్లబారడం, కాళ్లు తిమ్మిరెక్కడం, చిన్న దెబ్బకే కమిలి నల్లబడటం వీటి లోపానికి గుర్తులు. ఏడాదికోసారి రక్తపరీక్ష, మొదట్లో ఒకసారి ఎముక సాంద్రత స్కాన్ ఉండాలి. ఈ విటమిన్ మాత్రలని కూడా క్యాప్సూల్ వేసుకునే భోజనంతోనే వేసుకోవాలి, విడిగా వేసుకుంటే అవీ వృథా.

ఇబ్బందులు, కొనుగోలు

ఎక్కువమందికి పెద్ద ఇబ్బంది ఉండదు. మొదట్లో ఉబ్బరం, వికారం, మలబద్ధకం కొందరికి. ఆసన ప్రాంతంలో దురద ఉంటే మోతాదు ఎక్కువైందేమో చూడాలి. పంది ప్రోటీన్‌కి ఎలర్జీ ఉన్నవాళ్లు వాడకూడదు. యూరిక్ ఆసిడ్ పెరిగే అవకాశం ఉంది కాబట్టి గౌట్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

సైజు ఎంచుకునేటప్పుడు పెద్ద అంకెని చూసి మోసపోవద్దు. 25000 చాలామందికి సరిపోతుంది: భోజనానికి రెండు, విడదీసి వేసుకునే వీలు, చిరుతిండికి ఒకటి. 40000కి మారితే మింగే సంఖ్య తగ్గుతుంది గానీ భోజనం మొదట్లో, మధ్యలో పంచుకోవడం కుదరదు. 40000 వాడేవాళ్లు చిన్న తిండికి, సుదీర్ఘ భోజనానికి పక్కన ఒక సీసా 10000 ఉంచుకోవడం మేలు.